గ్యాస్ వాసన వస్తోంది, డిటెక్టర్ మాత్రం మోగడం లేదా?

వాసన ఇప్పుడే వస్తుంటే ముందు రెగ్యులేటర్ కట్టేయండి, తలుపులూ కిటికీలూ తెరవండి. ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ది కూడా. బయటికి వచ్చాక గ్యాస్ లీకు ఎమర్జెన్సీ నంబరు 1906కు ఫోన్ చేయండి. డిటెక్టర్ సంగతి ఆ తర్వాత.

ఎత్తు కొలిచారా?

డిటెక్టర్ పాడైందనుకుని కొత్తది కొనేవాళ్లే ఎక్కువ, టేపు పెట్టి కొలిచేవాళ్లు తక్కువ. సిలిండర్ గ్యాస్ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే కిందికి దిగి నీళ్లలా నేలమీద పరుచుకుంటుంది. డిటెక్టర్ నేలకు ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. మన ఇళ్లలో అది మిక్సీ ప్లగ్గులో, నాలుగడుగుల పైన ఉంటుంది, ఎందుకంటే ప్లగ్ పాయింట్ అక్కడే ఉంది కాబట్టి. గాలిలో గ్యాస్ దాదాపు 2 శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. పైనున్న డిటెక్టర్‌కు సోకేలోపే నేల దగ్గర ఆ హద్దు దాటిపోవచ్చు. అడాప్టర్‌ను పై ప్లగ్గులోనే ఉంచి, వైరును కేసింగ్‌లో కిందికి దించి డిటెక్టర్ బిగించండి. నేలమీద ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టొద్దు.

పైపు గ్యాస్‌కు ఇదంతా తలకిందులు. అది మీథేన్, గాలికంటే తేలిక. డిటెక్టర్ సీలింగ్‌కు 30 సెంటీమీటర్ల లోపు ఉండాలి. సిలిండర్ మానేసి పైపు గ్యాస్ పెట్టించుకున్నాక పాత డిటెక్టర్‌ను కిందే వదిలేస్తే అది ఉన్నా లేనట్టే. ఏ గ్యాస్‌కు పనికొస్తుందో వెనక లేబుల్ మీద చూడండి.

ఎత్తు సరిగ్గానే ఉంది, అయినా మోగలేదు

అందరినీ మోసం చేసేది ఇదే: నేల వాలు, గాలి దారి. చాలా అపార్ట్‌మెంట్లలో సిలిండర్ వాష్ ఏరియాలో ఉంటుంది. అక్కడి నేల వంటగదికంటే అంగుళమో రెండంగుళాలో పల్లం, మధ్యలో గడప. రెగ్యులేటర్ దగ్గర లీకైన గ్యాస్ ఆ పల్లంలోనే నిలుస్తుంది. గడపకు ఇవతల, అడుగు ఎత్తులో పద్ధతిగా బిగించిన డిటెక్టర్‌కు దాని జాడే తెలియదు.

పైగా లైటర్ గ్యాస్ దాని మొహాన వదిలి, మోగింది కదా అని నిశ్చింతగా ఉంటారు. ఆ పరీక్షలో తేలేది సెన్సర్ బతికి ఉందని మాత్రమే, గ్యాస్ అక్కడిదాకా వస్తుందని కాదు. అంత చిక్కటి గ్యాస్ సెన్సర్‌ను దెబ్బతీస్తుంది కూడా. టెస్ట్ బటన్ చాలా మోడళ్లలో బజర్‌నూ సర్క్యూట్‌నూ మాత్రమే చూస్తుంది.

స్థలం చూసుకోవడానికి వేలెడు వెడల్పు, జానెడు పొడవు టిష్యూ పట్టీ చాలు. స్టవ్ ఆపి, రెగ్యులేటర్ కట్టేసి, పట్టీని నేలకు అడుగు ఎత్తున పట్టుకుని సిలిండర్ దగ్గర్నుంచి నాలుగు వైపులా మెల్లగా కదలండి. డిటెక్టర్ పెట్టాలనుకున్న గోడ దగ్గర పట్టీ సిలిండర్ వైపు వాలితే ఆ గోడ పనికిరాదు, గాలి గ్యాస్‌ను అటు రానివ్వదు. నిశ్చలంగా వేలాడినా, సిలిండర్‌కు అవతలి వైపు వాలినా మంచిదే. పగలు ఎగ్జాస్ట్ నడుస్తుండగా ఒకసారి, రాత్రి అన్నీ మూసి ఒకసారి చూడండి. రెండూ పొంతన కుదరకపోతే రాత్రి చూసినదాన్నే నమ్మండి, ఇంట్లోవాళ్లు నిద్రపోయేది అప్పుడే.

సిలిండర్ ఉన్న గదిలోనే, గడపకు అదే వైపున, 1 నుంచి 3 మీటర్ల దూరంలో బిగించండి. స్టవ్ వేరే గదిలో ఉంటే అక్కడ రెండోది కావాలి, స్టవ్ దగ్గరి పైపు జాయింటూ లీకవుతుంది. పడకగది తలుపు మూసి మోత వినిపిస్తోందో లేదో చూడండి.

ఊరికే మోగుతోంది

స్టవ్‌కు మరీ దగ్గరగా, సింకు పక్కన ఉందేమో. ఆవిరి, సెంటు, దోమల స్ప్రే, శానిటైజర్ తగిలినా కొన్ని మోగుతాయి. స్టవ్ నుంచి కనీసం మీటరు జరపండి. కానీ మోగిన ప్రతిసారీ ముందు సిలిండర్ చూశాకే స్ప్రేను అనుమానించండి.

సింకు చుట్టూ పూసిన సిలికాన్ ఆవిరికి సెన్సర్ చచ్చిపోవడం అరుదు. గడువు తీరడం అరుదు కాదు, సాధారణంగా అయిదేళ్లు. లేబుల్ మీద తేదీ దాటితే కొత్తది బిగించండి.