వేసవి సెలవులకు ముందు బడి పత్రిక తీసుకురావడం ఎలా?

తెలంగాణలో బడులకు సాధారణంగా ఏప్రిల్ 23 చివరి పనిదినం. ఆ మర్నాటి నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులు. చివరి రోజున పిల్లల చేతికి ప్రోగ్రెస్ కార్డు వస్తుంది. అందులో గ్రేడ్లు ఉంటాయి, హాజరు ఉంటుంది. వంటగదిలోకి కోతులు దూరిన సంగతి ఉండదు. చెడిపోయిన బోరు మోటారును ఎవరు బాగుచేయించారో ఉండదు. దసరా దాకా నోరు విప్పని రెండో తరగతి పిల్ల సంక్రాంతి తర్వాత అందరి ముందూ పాట పాడిందన్న మాట అసలే ఉండదు. ఇవన్నీ ఒక కాగితం మీదికి ఎక్కి, అదీ కార్డుతోపాటే ఇంటికి వెళితే ఊరు తన బడి గురించి నాలుగు రోజులు మాట్లాడుకుంటుంది.

వరంగల్, హనుమకొండ, ములుగు, మహబూబాబాద్ జిల్లాల్లో యాభై అరవై మంది పిల్లలు, ఇద్దరు ముగ్గురు టీచర్లు ఉండే ప్రాథమిక పాఠశాలలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పెద్ద బడి అయితే పేజీలు పెంచుకోవచ్చు. నన్నడిగితే నాలుగు పేజీలు దాటకపోవడమే మేలు.

చదివేది ఎవరో ముందే తేల్చుకోండి

బడి పత్రిక అనగానే చాలామందికి ప్రైవేటు స్కూళ్లు వేసే రంగుల పుస్తకం గుర్తుకొస్తుంది. మెరిసే కాగితం, మొదటి పేజీలో కరస్పాండెంట్ ఫొటో, లోపల ర్యాంకులు. అది అడ్మిషన్ల కోసం వేసేది. మన కాగితం వెళ్లే ఇళ్లలో నాయనమ్మకు చదువు రాకపోవచ్చు. తండాల్లో ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ భాష. అంటే చాలా ఇళ్లలో దీన్ని చదివేది పిల్లలు, వినేది పెద్దలు. మూడో తరగతి పిల్లవాడు తడబడకుండా గట్టిగా చదవగలిగిన వాక్యాలే వేయాలి. ‘విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధికి విశేష కృషి’ లాంటివి వాడికి నోరు తిరగవు, వాళ్ల నాయనమ్మ చెవికి ఎక్కవు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న సందేహం వచ్చినప్పుడల్లా ఈ ఒక్క కొలత చాలు.

చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

మార్చి 15 ప్రాంతంలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లలు పొద్దున ఎనిమిదికి వచ్చి, పన్నెండున్నరకు భోజనం చేసి వెళ్లిపోతారు. ఆ తర్వాత ఉగాది, శ్రీరామనవమి సెలవులు. ఏప్రిల్‌లో ఎస్‌ఏ-2 (ఏడాది చివరి) పరీక్షలు. వీటన్నింటినీ తీసేస్తే చేతిలో మిగిలే సమయం చాలా తక్కువ. అందుకే ఫిబ్రవరి చివర్లో పిల్లలతో కూర్చుని వార్తల జాబితా తయారుచేయండి. మార్చి మొదటి రెండు వారాల్లో, పూర్తి పూట బడి ఉండగానే, రాయించడం, బొమ్మలు వేయించడం అయిపోవాలి. నెలాఖరుకు దిద్దుబాటు, టైపు. పరీక్షలు మొదలయ్యేలోపు జిరాక్స్ చేతికి రావాలి. పరీక్షలయ్యాక మొదలుపెడితే ఒక టీచరు రాత్రంతా కూర్చుని తానే రాసి పిల్లల పేర్లు పెట్టాల్సి వస్తుంది. ఆ సంగతి పిల్లలకూ తెలిసిపోతుంది.

వచ్చే జూన్ నుంచి అయితే ఇంకో సులువైన దారి ఉంది. తరగతి గోడకు ఒక చార్టు తగిలించి, ప్రతి శనివారం ఐదో తరగతి పిల్లల్లో ఒకరి చేత ఆ వారం విశేషం ఒకే వాక్యంలో రాయించండి. మార్చి వచ్చేసరికి సగం పత్రిక గోడ మీదే ఉంటుంది.

పేర్ల పట్టిక

అడ్మిషన్ రిజిస్టరు తీసి పిల్లలందరి పేర్లూ ఒక కాగితం మీద వరుసగా రాసుకోండి. పత్రికలో ఒక పేరు పడగానే పక్కన టిక్కు పెట్టండి. చివరికి టిక్కు లేని పేరు ఒక్కటి కూడా మిగలకూడదు. ఈ నియమాన్ని మాత్రం సడలించకండి. ఒక ఇంటివాళ్లు కాగితంలో మొదట వెతికేది తమ పిల్ల పేరే. అది కనిపించకపోతే మిగతాదంతా ఎంత బాగున్నా వాళ్లకు లెక్కలోకి రాదు.

అలాగని పేర్లను హాజరు పట్టీలా దించకండి. ప్రతి పేరూ ఒక పనితో కలిసి రావాలి. గంట కొట్టినవారు, మొక్కలకు నీళ్లు పోసినవారు, ఒకటో తరగతి పిల్లలకు పళ్లెం కడగడం నేర్పినవారు, బతుకమ్మ రోజు గునుగు పూలు తెచ్చినవారు, స్వయంపరిపాలన దినాన టీచర్లు అయినవారు. వెతికితే పని లేని పిల్లలు ఉండరు. ఒకే తరగతిలో ఇద్దరు అక్షితలు ఉంటే ఇంటిపేరు పూర్తిగా వేయండి. ఇనీషియల్‌తో సరిపెడితే ఏ అక్షితో తెలియక ఊళ్లో చర్చ మొదలవుతుంది.

ఏడాది మధ్యలో టీసీ తీసుకుని వెళ్లిపోయిన పిల్లలుంటారు. తల్లిదండ్రులు పనుల కోసం హైదరాబాద్ వెళ్లడమో, కాంట్రాక్టు పని ముగిసి సొంత రాష్ట్రానికి తిరిగిపోవడమో జరుగుతుంది. వాళ్ల పేర్లూ వేయండి. ఎవరి పక్కన కూర్చునేవారో ఆ పిల్లల చేతే ఒక్కో వాక్యం రాయిస్తే సరిపోతుంది.

బడి వదిలి వెళ్లేవారి విషయంలో ఒక జాగ్రత్త. నాలుగో తరగతి వాళ్లలో కొందరు గురుకుల ప్రవేశ పరీక్ష రాస్తారు. ఐదో తరగతి వాళ్లలో కొందరు నవోదయ పరీక్ష రాస్తారు. మామునూరు నవోదయలో ఊరి పిల్లకు సీటు వస్తే అది నిజంగానే పెద్ద వార్త, వేయాల్సిందే. అయితే జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్లేవాళ్ల పేర్లు కూడా అదే జాబితాలో, అదే సైజు అక్షరాల్లో ఉండాలి. ‘ఎవరు ఏ బడికి’ అని శీర్షిక పెడితే ఇబ్బంది ఉండదు.

వార్తలు రాయించడం

అసలు పని ఇదే. సమయంలో సగం దీనికే పెట్టండి.

పిల్లలను ‘మేడారం జాతర గురించి రాయండి’ అంటే ‘ఆసియాలోనే అతి పెద్ద గిరిజన జాతర, రెండేళ్లకోసారి జరుగుతుంది’ అని గైడులో ఉన్నది దించుతారు. తప్పు వాళ్లది కాదు, అడిగిన తీరుది. 2026 జనవరి 28 నుంచి 31 దాకా జాతర జరిగింది. మన జిల్లాల్లో వెళ్లిరాని కుటుంబాలు తక్కువ. బండి ఎక్కడ ఆపారు? అక్కడి నుంచి ఎంతసేపు నడిచారు? జంపన్న వాగులో నీళ్లు నీకు ఎక్కడిదాకా వచ్చాయి? మీ ఇంట్లో ఎవరి ఎత్తు బంగారం ఇచ్చారు? అక్కడ బంగారం అంటే బెల్లమని మన పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. ఇలా విడివిడిగా అడిగితే ‘తమ్ముడు తక్కెడలో కూర్చోనని ఏడ్చాడు’ అనే వాక్యం వస్తుంది. అది వచ్చిందంటే ఇక ఆ పిల్లను వదిలేయండి, మిగతాది తనే రాసుకుంటుంది.

పెద్దవాళ్లను ఇంటర్వ్యూ చేయించడం పిల్లలకు బాగా నచ్చే పని. మొదటి ఇంటర్వ్యూ మధ్యాహ్న భోజనం వండే ఆమెతోనే పెట్టండి. ఏడాదంతా వాళ్లకు అన్నం పెట్టిన మనిషి పేరు కొందరికి తెలియదు, ‘వంట అవ్వ’ అనే అంటారు. ‘మీకు వంట చేయడం ఇష్టమా’ అని అడిగితే ‘ఇష్టమే బిడ్డా’ అంటుంది, అక్కడితో అయిపోతుంది. వారానికి మూడు రోజులు గుడ్డు పెట్టాలి కదా, ఆ రోజు పొయ్యి ఎన్ని గంటలకు వెలిగిస్తావు? గుడ్లు పగలకుండా ఎలా ఉడకబెడతావు? ఏ కూర వండిన రోజు గిన్నె ఖాళీ అవుతుంది, ఏ రోజు మిగులుతుంది? నువ్వు ఎప్పుడు తింటావు? ఈ చివరి ప్రశ్నను పిల్లలే అడగనివ్వండి. ఇద్దరు అడగాలి, ఒకరు రాసుకోవాలి. ఫోనులో రికార్డు చేస్తే తర్వాత వినే ఓపిక ఎవరికీ ఉండదు.

చిన్న వార్త ఎలా ఉండాలో చెప్పడానికి ఒక నమూనా:

‘బుధవారం ఇంటర్వెల్‌లో కోతులు వంటగదిలోకి వచ్చాయి. ఏడు టమాటాలు, సగం క్యాబేజీ తిన్నాయి. అవ్వ గరిటెతో తరిమింది. ఆ రోజు పప్పులో టమాటా లేదు.’

నాలుగు వాక్యాలు. ఎప్పుడు, ఏమిటి, ఎవరు, తర్వాత ఏమైంది అన్నీ ఉన్నాయి. దీన్ని బోర్డు మీద రాసి, ఇలాంటిదే మీరు చూసినది రాయమనండి. ఒకటి, రెండు తరగతుల వాళ్లు రాయలేకపోతే బొమ్మ వేసి కింద ఒక్క మాట రాస్తారు. వాళ్లు చెబుతుంటే ఐదో తరగతి వాళ్లు రాసిపెట్టడం కూడా బాగుంటుంది.

సెప్టెంబరు 9, కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రోజు పిల్లలు ఇంట్లో అడిగి తెచ్చిన సామెతలు, పొడుపుకథలు ఏదో నోటుబుక్కులో ఉండే ఉంటాయి. పేజీలో ఖాళీ మిగిలిన చోట్ల అవి పనికొస్తాయి.

దిద్దేటప్పుడు

అక్షరదోషాలు దిద్దండి, మాట తీరు దిద్దకండి. ‘బాపు’ అని రాసిన పిల్లవాడి వాక్యంలో ‘నాన్నగారు’ అని పెడితే ఆ బాపు పోల్చుకోలేడు. చదివేటప్పుడు ఇంకొకటి చూడాలి. పిల్లలు ఇంటి సంగతులు దాపరికం లేకుండా రాస్తారు. తాగుడు, అప్పు, కొట్లాట, ఎవరో ఇల్లు వదిలి వెళ్లడం లాంటివి కనిపిస్తే ఆ వాక్యాన్ని పిల్లతో విడిగా మాట్లాడి తీసేయండి, అందరి ముందు చదవకండి. కులం, రోగం, తండ్రి లేడన్న ప్రస్తావన, మార్కులు, ర్యాంకులు పత్రికలోకి రాకూడదు. ఆ రాసినదాన్ని బట్టి పిల్ల కష్టంలో ఉందనిపిస్తే అది హెడ్మాస్టరు చూసుకోవాల్సిన సంగతి, పత్రికది కాదు.

డబ్బు, ఫొటోలు, పెద్దల సందేశాలు

ఎన్ని కాపీలు కావాలో ముందు లెక్క వేయండి. కుటుంబాల సంఖ్యకు పదిహేను కలపండి. పంచాయతీ ఆఫీసు, అంగన్‌వాడీ, ఊళ్లోని రెండు మూడు కిరాణా దుకాణాలు, హైస్కూలు, మిగిలినవి జూన్‌లో కొత్త పిల్లలను బడిలో చేర్పించే బడిబాటకు. అరవై కుటుంబాలైతే డెబ్బై ఐదు ఏ3 కాగితాలు, రెండు వైపులా కలిపి నూట యాభై ముద్రలు. షాపులో ఒక వైపు ధర అడిగి గుణించుకోండి. ఖర్చు పెద్దగా రాదు. అయినా పిల్లల దగ్గర తలా ఇంత అని వసూలు చేయవద్దు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. 2024 నుంచి మన రాష్ట్రంలో మహిళా సంఘాల ఆధ్వర్యంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. ఈ కమిటీల సమావేశంలో విషయం చెప్పి, తీర్మానం పుస్తకంలో ఒక వాక్యం రాయిస్తే తర్వాత ఎవరూ ప్రశ్నించరు.

ఫ్యాను ఇచ్చినవారు, ట్రాక్టరు మట్టి పోయించినవారు, ఉచితంగా రంగులు వేసిన కుర్రవాళ్లు అందరికీ ఒకే పెట్టెలో కృతజ్ఞతలు. పేర్లు అక్షర క్రమంలో ఉండాలి. డబ్బు క్రమంలో వేశారంటే వచ్చే ఏడాది సగం మంది ఇవ్వరు. సందేశాలు ఇస్తామని పెద్దలు ముందుకొస్తారు, వద్దనడం కష్టం. ఒక్కొక్కరికి రెండు వాక్యాలని చెప్పి, చివరి పేజీలో అడుగున వరుసగా వేయండి. పార్టీ కండువా ఉన్న ఫొటో మాత్రం వద్దు.

పిల్లల ఫొటోలు జిరాక్స్‌లో నల్లటి ముద్దలుగా వస్తాయి. వాటి బదులు పిల్లలు నల్ల స్కెచ్ పెన్నుతో గీసిన బొమ్మలు చక్కగా పడతాయి. పెన్సిల్ గీతలు సరిగా పడవు. పత్రికను వాట్సాప్‌లో కూడా పంపాలనుకుంటే ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలకు ఆ సమ్మతి కావాలంటోంది. ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు ఏ రూపంలోనూ వేయకండి.

పేజీలు పేర్చడం

ఒక ఏ3 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు ఏ4 పేజీలు. ముందుగా ఖాళీ కాగితం మడిచి, వరుసగా 1 నుంచి 4 దాకా అంకెలు వేసి, మళ్లీ విప్పి చూడండి. ఒక వైపు ఎడమన 4, కుడిన 1 ఉంటాయి. రెండో వైపు 2, 3. ఈ నమూనాను షాపుకు తీసుకెళ్తే తలకిందుల ముద్రలు తప్పుతాయి.

రెండు పద్ధతులు ఉన్నాయి. పిల్లల చేతిరాతనే కత్తిరించి తెల్ల కాగితం మీద అంటించడం ఒకటి. నల్ల బాల్ పెన్నుతో, గీతలు లేని కాగితం మీద రాయించాలి. అంటించిన ముక్కల అంచుల నీడ జిరాక్స్‌లో సన్నని గీతలా వస్తుంది. ముందు ఒక్క కాపీ తీయించి, ఆ కాపీ మీద గీతలను వైట్‌నర్‌తో చెరిపి, దాన్నే అసలుగా వాడండి.

రెండోది టైపు చేయడం. ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసి హనుమకొండలోనో నర్సంపేటలోనో డీటీపీ షాపుకు పంపితే, అక్కడ యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లు వాడేవారైతే అక్షరాలన్నీ గజిబిజిగా కనిపిస్తాయి. మార్చే సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర ఉంటుంది. కానీ మార్చాక ఒత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు తప్పకుండా తేడా వస్తాయి, మళ్లీ అక్షరం అక్షరం చూడాలి. మీరే కంప్యూటర్‌లో చేసుకుంటే మండలి, రామభద్ర వంటి ఉచిత ఫాంట్లు చాలు. అక్షరం 14 పాయింట్లకు తగ్గనివ్వకండి. వరుసల మధ్య ఖాళీ కొంచెం ఎక్కువే పెట్టండి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. నా ఓటు కలగలుపుకు. శీర్షికలు, పెద్ద వార్తలు టైపులో, పిల్లల సొంత మాటలు వాళ్ల చేతిరాతలో.

పంచడం

ఏప్రిల్ అంటే మిరప ఏరే కాలం. చాలామంది తల్లులు తెల్లవారకముందే చేనుకు వెళ్లిపోతారు. ఉదయం పది గంటలకు తల్లిదండ్రుల సమావేశం పెడితే కుర్చీలే మిగులుతాయి. సాయంత్రం పెట్టండి, లేదా చేనుకు వెళ్లేలోపే ముగించండి. ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చే ముందు ఇద్దరు ముగ్గురు పిల్లల చేత పత్రికలోని వార్తలు చదివించండి. వంట అవ్వ ఇంటర్వ్యూ చదివేటప్పుడు ఆమె అక్కడే ఉండేలా చూసుకోండి, ఆ సమయంలో గిన్నెలు తోముతూ లోపలే ఉండిపోయే అవకాశం ఉంది.

మిగిలిన కాపీలు జూన్‌లో పనికొస్తాయి. ప్రొఫెసర్ జయశంకర్ బడిబాటలో ఇల్లిల్లూ తిరిగేటప్పుడు కరపత్రం కన్నా ఇది ఎక్కువసేపు చేతిలో ఉంటుంది. ఆయన సొంతూరు అక్కంపేట మన హనుమకొండ జిల్లాలోనిదే. అంగన్‌వాడీ పిల్లల తల్లికి చదివి వినిపిస్తే, తన బిడ్డకు అక్క వరసయ్యే పిల్ల పేరు అందులో దొరుకుతుంది, అక్కడి నుంచి మాట మొదలవుతుంది.

అసలు ప్రతిని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువా పై అరలో దాచండి. తాళం వేసిన బడి గదిలో ఏడు వారాల వేసవిలో చెదలు పడితే కింది అర నుంచే మొదలవుతాయి. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కూడా రాసి పెట్టుకోండి.