దోమ మందును తట్టుకుంటోందా? ట్యూబు పరీక్ష చేసే పద్ధతి

మందు కొట్టినా దోమలు తగ్గకపోతే ‘వీటికి మందు ఎక్కడం లేదు’ అనేయడం తేలిక. గోడ మీద మందు సరిగా పడకపోయినా, పడ్డాక మళ్లీ సున్నం వేసినా, మట్టితో అలికినా దోమలు తగ్గవు. గోడ సంగతి కోన్ పరీక్షలో (మందు కొట్టిన గోడకు గరాటు లాంటి మూత బిగించి, అందులో దోమలను వదిలే పరీక్ష) తేలుతుంది. దోమ సంగతి తేల్చేది ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్యూబు పరీక్ష. పల్లెల్లో మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్‌ను, డెల్టామెత్రిన్ అనే దోమల మందు 0.05 శాతం పట్టించిన కాగితాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఈ దోమ డీడీటీని తట్టుకోవడం గుజరాత్‌లోని పంచమహల్‌లో 1959లోనే బయటపడింది.

ఫలితం చాలావరకు దోమల ఎంపికలోనే చెడుతుంది. పిల్లపురుగులను వేర్వేరు గుంటల నుంచి తెచ్చి పెంచండి. ఒకే గుంటవైతే అన్నీ అక్కచెల్లెళ్లే కావచ్చు. 3 నుంచి 5 రోజుల వయసున్న ఆడదోమలకు పంచదార నీళ్లే ఇవ్వాలి, రక్తం వద్దు. పశువుల పాకలో పట్టినవే దిక్కయితే వాటి స్థితి రాసిపెట్టుకోండి. ముసలి దోమ తేలిగ్గా చస్తుంది, కడుపునిండా రక్తం తాగింది ఎక్కువ తట్టుకుంటుంది.

మందు కాగితాలను ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి రానివ్వండి. ఒక కాగితాన్ని ఆరుసార్లకు మించి వాడకూడదు. పోలిక కోసం పెట్టే కాగితానికి మందు ఉండదు, నూనె మాత్రం అదే ఉండాలి: డెల్టామెత్రిన్‌కు సిలికాన్ నూనె, మలాథియాన్‌కు ఆలివ్ నూనె.

ఆకుపచ్చ చుక్క ఉన్న, మందు లేని ట్యూబుల్లో 20–25 చొప్పున దోమలను వదిలి గంటసేపు ఆపండి. నీరసించినవి, కాళ్లు విరిగినవి ఈలోపే తీసేయాలి. తర్వాత జారుడు పలక తెరిచి, మెల్లగా ఊది, మందు కాగితం పెట్టిన నాలుగు ఎర్రచుక్క ట్యూబుల్లోకి, పోలిక కాగితం పెట్టిన రెండు పసుపుచుక్క ట్యూబుల్లోకి పంపండి. విదిలించొద్దు. జల్లెడ వైపు పైకి ఉండేలా, వెలుతురు తక్కువగా ఉన్నచోట సరిగ్గా 60 నిమిషాలు నిలబెట్టండి. తర్వాత పచ్చచుక్క ట్యూబుల్లోకి మళ్లించి, పైన 10 శాతం పంచదార నీటిలో ముంచిన దూది పెట్టి 24 గంటలు ఉంచండి. వేడి 25–29 డిగ్రీలు, గాలిలో తేమ 65–85 శాతం ఉండాలి. వేసవిలో తడిగుడ్డ చుట్టకపోతే మందు లేని దోమలు కూడా రాలిపోతాయి. చీమల్నీ దగ్గరికి రానివ్వకండి, చచ్చినవాటిని ఎత్తుకెళ్తే లెక్క పోతుంది.

గంటలో పడిపోయిన దోమను చచ్చినట్టు రాయకండి, చాలావరకు లేస్తాయి. చావు లెక్క 24 గంటలకే. కాళ్లు ఎన్ని పోయినా ఎగరగలిగితే బతికున్నట్టే. పసుపు ట్యూబుల్లో చావు 5 శాతం లోపైతే సవరణ అక్కర్లేదు. 20 దాటితే పరీక్ష చెల్లదు. మధ్యలో ఉంటే సవరించాలి. మందు ట్యూబుల్లో 82 శాతం, పసుపు ట్యూబుల్లో 10 శాతం చస్తే, 82లోంచి 10 తీసేసి, 90తో భాగించి, 100తో గుణిస్తే 80 శాతం.

చావు 98 శాతం లేదా ఆపైన వస్తే దోమ మందుకు లొంగుతోంది. 90–97 అయితే అనుమానం, మళ్లీ చేయాలి. 90 లోపైతే తట్టుకుంటోంది.

అప్పుడు ఎందుకో చూడాలి. ముందు గంటసేపు 4 శాతం పీబీఓ (మందును విరిచే ఎంజైములను అడ్డుకునే పదార్థం) కాగితం, ఆ వెంటనే డెల్టామెత్రిన్. పీబీఓ ఒక్కటే ఇచ్చే ట్యూబులు విడిగా ఉండాలి. చావు 98కి ఎగబాకితే దోమ ఒంట్లోని ఎంజైములే మందును విరిచేస్తున్నాయి. అక్కడ పీబీఓ కలిపిన దోమతెరలు అడగడానికి ఆధారం దొరికినట్టే. పెద్దగా పెరగకపోతే నరాల్లో మందు పట్టే చోటే మారి ఉండొచ్చు. జన్యు పరీక్షకు బతికినవి, చచ్చినవి వేరుచేసి, ఒక్కోదాన్ని ఒక్కో బుడ్డిలో తేమ పీల్చే సిలికా జెల్‌పై దాచి, ఊరు, తేదీ, మందు పేరు రాసి పంపండి.