కరెంటు (రేడియేషన్) పెట్టకముందే ఆ మైనపు దిమ్మ సంగతి అడగండి

రక్తం పడుతుంటే మొలలనుకుని మా పెద్దనాయన ఆరు నెలలు పూతమందుతోనే గడిపాడు, చివరికి రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్ అని తేలింది. ఆయన్ని వెంటబెట్టుకుని హన్మకొండ నుంచి హైదరాబాద్ తిరిగి తిరిగి నేర్చుకున్నవి ఇవి.

ముందు బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) చేసిన ల్యాబ్‌లో బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకోండి, కాగితం ఒక్కటే చాలదు. బ్లాకంటే మైనంలో బిగించిన కండముక్క, అగ్గిపెట్టెలో పట్టేస్తుంది. ఎండ తగలనివ్వద్దు. నేను టిఫిన్ డబ్బాలో పెట్టుకుని కాజీపేటలో రైలెక్కితే పక్క సీటాయన సకినాలా అని అడిగాడు.

ఆ ముక్కకు ఎంఎంఆర్ పరీక్ష, అంటే డీఎన్ఏ తప్పులను సరిదిద్దే ప్రోటీన్లు ఉన్నాయో లేదో చూసే పరీక్ష, చేశారా, లేదా? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. రిపోర్టులో ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అని నాలుగు ప్రోటీన్ల పేర్లుంటాయి. నాలుగూ ‘ఇంటాక్ట్’ (పోకుండా ఉన్నాయి) అయితే మామూలు రకం, ఎక్కువమందికి ఇదే. దేనికైనా ‘లాస్’ (ఆ ప్రోటీన్ లేదు) అని ఉంటే కరెంటుకు తొందరపడకుండా ఇమ్యునోథెరపీ (మన రక్షణ కణాలను గడ్డ మీదికి పంపే మందులు) సంగతి డాక్టర్‌ను అడగండి, ఎందుకంటే ఈ రకం గడ్డలో జన్యు తప్పులు కుప్పలుగా ఉంటాయి కాబట్టి మన రక్షణ కణాలు దాన్ని తేలిగ్గా గుర్తుపడతాయి. న్యూయార్క్ డాక్టర్లు డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుతో ఇలాంటి 12 మందికి చికిత్స చేస్తే కరెంటు, ఆపరేషన్ లేకుండానే 12 మందిలోనూ గడ్డ కనిపించకుండా పోయిందని 2022లో ప్రకటించారు. ‘లాస్’ కొన్నిసార్లు వంశపారంపర్యం కూడా, తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్ష అవసరమా అన్నది అప్పుడే అడిగేయండి.

మామూలు రకానికి కరెంటు ఎలా పనిచేస్తుంది? గడ్డ కణాల డీఎన్ఏను తెంపుతుంది. చచ్చే కణాల ముక్కలను చూసి టీ కణాలు అనే రక్షణ కణాలు, ముఖ్యంగా సీడీ8 అనే రకం, మిగిలిన గడ్డ మీద పడతాయి. అందుకే మొదటి బయాప్సీలోనే సీడీ8 కణాలు దండిగా ఉన్నవాళ్లకు గడ్డ బాగా కరిగే అవకాశం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. అలాగని ఆ లెక్క కోసం ల్యాబుల చుట్టూ తిరగొద్దు, మామూలుగా దాన్నిబట్టి చికిత్స మార్చరు.

కరెంటు 5 రోజుల్లో ముగించేదా, కేపసిటబిన్ అనే కీమో మాత్రలతో 5 వారాలదా అన్నది ఎంఆర్ఐ చూసి చెబుతారు. ఇక్కడో తిరకాసుంది, అదే కరెంటు లింఫోసైట్లనూ (రక్తంలోని తెల్లకణాల్లో ఒక రకం, టీ కణాలూ వీటిలోవే) చంపుతుంది, అవి చాలా సున్నితం. అందుకే రక్తపరీక్ష మానొద్దు, సీబీసీ (రక్తకణాల లెక్క) కాగితాలన్నీ తేదీల వారీగా ఒకే ఫైల్లో పెట్టుకోండి, జ్వరమొస్తే ఆ రాత్రే ఫోన్ చేయండి. ఇమ్యూనిటీ పొడులంటారా, మా బంధువులు మూడు డబ్బాలు తెచ్చారు, డాక్టర్‌కు చూపిస్తే మూడూ పక్కన పెట్టమన్నాడు.

చివరి సిట్టింగ్ రోజు “పోయిందారా?” అని పెద్దనాయన. ఆ రోజే తెలియదు, గడ్డ తర్వాత కూడా వారాల తరబడి తగ్గుతూనే ఉంటుంది. మాకు ఎనిమిది వారాలకు ఎంఆర్ఐ, స్కోప్ (కెమెరా గొట్టంతో లోపల చూసే పరీక్ష) రాశారు. వాటిలో ఏమీ కనబడకపోతే ఆపరేషన్ లేకుండా గమనిస్తూ ఉండే పద్ధతి మీ దగ్గర ఉందా అని అప్పుడు అడగండి.