పాత కబ్ కాడెట్‌కు నకలు బ్రాకెట్ చేసే ముందు

1960ల మొదట్లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ తెచ్చిన చిన్న ట్రాక్టర్ కబ్ కాడెట్‌కు ముందువైపు బరువుల బ్రాకెట్ చేస్తున్నారా? గ్రైండర్ పట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

- కొలతలు అసలు భాగం నుంచే తీయండి, ఫొటో నుంచి వద్దు. ఈ బండివి అంగుళాల బోల్టులు. 3/8 అంగుళం అంటే 9.5 మి.మీ.; దగ్గరగా ఉందని 10 మి.మీ. బోల్టు బలవంతంగా బిగిస్తే మర పోతుంది, అరవై ఏళ్ల ఫ్రేమ్ పాడవుతుంది.
- పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు. తడిపి రుద్దండి, మాస్క్ తప్పనిసరి.
- క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ఇనుముకు వెల్డింగ్ అసలు వద్దు. ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.
- బండి మీదే వెల్డింగైతే బ్యాటరీ, పెట్రోల్ ట్యాంకు విప్పేయండి.
- లోపలివైపు ‘నకలు’ అని, సంవత్సరం చెక్కండి. రేపు కొనేవాళ్లు మోసపోకూడదు.