డిస్‌ప్లే 1222 అంటోంది, కోన్ కాదంటోంది: ఎలక్ట్రిక్ కిల్న్ సమస్యలు - పరిష్కారాలు

షెల్ఫ్ మీద కోన్ (తగినంత వేడి అందితే వంగే చిన్న సూచిక) పెట్టారా? కిల్న్ (మట్టిపాత్రలు కాల్చే కొలిమి) సరిగ్గా కాల్చడం లేదన్న ప్రతి ఫిర్యాదుకూ మొదటి ప్రశ్న ఇదే. వచ్చే జవాబు మాత్రం ఎక్కువసార్లు "లేదు, డిస్‌ప్లేలో 1222 డిగ్రీలు వచ్చింది కదా" అనే. డిస్‌ప్లే చెప్పేది థర్మోకపుల్ (లోపలి వేడి కొలిచే సెన్సార్) కొస దగ్గరి వేడి, అదీ వైరు గుండా కంట్రోలర్‌కి చేరిన లెక్క. పాత్రకు నిజంగా ఎంత వేడి అందిందో చెప్పేది కోన్. పైన, మధ్యలో, కింద ఒక్కో కోన్ పెట్టి ఒక ఫైరింగ్ పూర్తిచేయండి. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

కోన్ ఉష్ణోగ్రత ఒక్కదానికే వంగదు, వేడి పెరిగిన వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఆర్టన్ సంస్థ 6వ నంబరు పెద్ద కోన్, చివరి దశలో గంటకు 60 డిగ్రీల చొప్పున పెంచితే 1222 దగ్గర వంగుతుంది. గంటకు 150 చొప్పున పెంచితే 1243 దాకా వెళ్ళాలి. అంటే పై ఉష్ణోగ్రత అలాగే ఉంచి చివరి ర్యాంప్ (వేడి పెంచే దశ) వేగం పెంచితే, కిల్న్‌లో ఏ లోపమూ లేకుండానే గ్లేజ్ (పాత్ర మీది గాజు పూత) పచ్చిగా మిగులుతుంది. రిపేరు మొదలుపెట్టే ముందు ప్రోగ్రాం ఎవరైనా మార్చారేమో చూడండి.

ప్యానెల్ మూత తీసే ముందు మెయిన్ ఐసొలేటర్ (కిల్న్‌కు వచ్చే కరెంటును పూర్తిగా తెంచే స్విచ్) ఆఫ్ చేయాలి. కంట్రోలర్ ఆఫ్ చేస్తే సరిపోదు. చాలా కిల్న్‌లలో రిలే (కంట్రోలర్ చెప్పినట్టు కరెంటు ఇచ్చి ఆపే స్విచ్) ఒక్క లైన్‌నే తెంచుతుంది, రెండోది ఎలిమెంట్ (వేడినిచ్చే తీగ) దాకా వచ్చే ఉంటుంది.

సమస్య: వేడి నెమ్మదిగా ఎక్కుతోంది, లేదా పైకి వెళ్ళాక ఆగిపోతోంది

ముందు అన్ని ఎలిమెంట్లూ ఎర్రబడుతున్నాయో లేదో చూడండి. ఒక వరుస నల్లగా ఉంటే ఆ ఎలిమెంటో, దాని రిలేనో, టెర్మినలో పోయింది. కాలిన టెర్మినల్ రంగు మారి కనబడుతుంది. దాన్ని బిగించి వదిలేయకండి, కొత్తది వేయండి.

అన్నీ ఎర్రబడుతున్నా పై ఉష్ణోగ్రతకు చేరకపోతే ఎలిమెంట్లు పాతబడి ఉంటాయి. మెయిన్ తీసి, ఎలిమెంట్‌ను సర్క్యూట్ నుంచి విడదీసి ఓమ్స్ కొలవండి. 230 వోల్టుల మీద 5 కిలోవాట్ల సర్క్యూట్ అయితే కొత్తలో సుమారు 10.6 ఓమ్స్ ఉండాలి. అది 11.6 దాటితే, అంటే పది శాతం పెరిగితే, మార్చే వేళ అయినట్టే. ఒక్కటి మార్చి మిగతావి పాతవే ఉంచితే వేడి వరుసకో రకంగా ఉంటుంది, సెట్టంతా మార్చండి. కొత్తవి వేశాక మొదటి ఫైరింగ్ ఖాళీ కిల్న్‌తోనే, 1050 దగ్గర కొన్ని గంటలు నిలిపి చేయాలి. తీగ మీద రక్షణ పొర ఏర్పడేది అప్పుడే.

ఎలిమెంట్లు బాగుంటే వోల్టేజీ కొలవండి, అదీ కిల్న్ పూర్తి లోడ్ మీద ఉన్నప్పుడు. ఖాళీగా ఉన్న లైన్‌లో 230 కనబడినంత మాత్రాన ఏమీ తేలదు. పవర్ వోల్టేజీ వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి 230 కాస్తా 210కి పడితే దాదాపు 17 శాతం పవర్ పోతుంది. మూడు ఫేజుల కిల్న్ అయితే క్లాంప్ మీటర్‌తో ఒక్కో ఫేజు కరెంటు చూడండి. 9 కిలోవాట్ల స్టార్ కనెక్షన్‌లో ఒక్కో ఫేజుకు సుమారు 13 ఆంపియర్లు రావాలి. ఒక దాంట్లో సున్నా ఉంటే ఫ్యూజో కాంటాక్టరో (పెద్ద రిలే) చూసుకోవాలి, కంట్రోలర్‌ను తిట్టి లాభం లేదు.

సమస్య: డిస్‌ప్లే అంకె సెట్ చేసిన వేడి దాటలేదు, గ్లేజ్ మాత్రం కారిపోయింది

మామూలు కారణాలు మూడు. ఒకటి, థర్మోకపుల్ కొస గోడలోకి జరిగిపోవడం. కొస గదిలోకి కనీసం 25 మిల్లీమీటర్లు పొడుచుకు రావాలి, షెల్ఫూ పాత్రా దానికి తగలకూడదు. రెండు, కె రకం థర్మోకపుల్ (కె, ఎస్ అనేవి తీగల లోహాన్ని బట్టి పెట్టిన రకాలు) అరిగిపోవడం. 1000 డిగ్రీలకు పైన వాడేకొద్దీ అది చాలావరకు తక్కువ చూపించే వైపే జారుతుంది, దాంతో కిల్న్ ఎక్కువ కాలుస్తుంది. ఇది ఫైరింగ్ ఫైరింగ్‌కీ కొంచెం కొంచెంగా వచ్చే మార్పు, కొత్తది వేస్తే పోతుంది. మరిగే నీళ్ళలో ముంచి 100 చూపించింది కాబట్టి థర్మోకపుల్ మంచిదేనని తేల్చకండి, అరుగుదల బయటపడేది పై వేడిలో. మూడు, కంట్రోలర్‌లో సెన్సార్ రకం తప్పుగా ఎంచుకోవడం. ఎస్ రకం థర్మోకపుల్ పెట్టి సెట్టింగ్ కె దగ్గర వదిలేస్తే, లోపల 1200 ఉన్నప్పుడు డిస్‌ప్లే 290 ప్రాంతంలో ఉంటుంది. కిల్న్ ఇంకా ఎక్కించుకుంటూనే పోతుంది. కంట్రోలర్ కొత్తగా వేసినా, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా మొదట చూడాల్సిన లైన్ ఇదే.

ఈ మూడూ కాదని తేలాక మిగిలేది అసలు దొంగ: థర్మోకపుల్ హెడ్‌కీ (కిల్న్ గోడ బయట వైర్లు కలిపే చోటు) కంట్రోలర్‌కీ మధ్య ఉన్న వైరు.

ఆ వైరు మామూలు వైరు కాదు. థర్మోకపుల్ ఇచ్చేది వేడి కొసకూ చల్లని కొసకూ ఉన్న తేడా మాత్రమే. చల్లని కొస తన టెర్మినల్స్ దగ్గరే ఉందనుకుని, అక్కడి వేడిని కొలిచి కంట్రోలర్ కలుపుకుంటుంది. ఆ లెక్క నిజం కావాలంటే హెడ్ నుంచి కంట్రోలర్ దాకా అదే రకానికి సరిపడే ఎక్స్‌టెన్షన్ వైరు ఉండాలి. వైరు కాలిపోయిందని ఎవరో చేతికి దొరికిన రాగి వైరు వేస్తారు. అప్పుడు చల్లని కొస హెడ్ దగ్గరే ఆగిపోతుంది. కిల్న్ గోడకు ఆనుకున్న హెడ్ 70 డిగ్రీల్లో, కంట్రోలర్ 30లో ఉంటే ఆ 40 డిగ్రీలూ లెక్కలోంచి మాయమవుతాయి. డిస్‌ప్లే 1222 అన్నప్పుడు లోపల 1260 దాటి ఉంటుంది. 6వ కోన్‌కు కలిపిన గ్లేజ్, ఇంకా ఎక్కువ వేడికి వంగే 9వ కోన్ వేడి చూసి షెల్ఫ్‌కి అతుక్కుపోతుంది.

ఇంకో రూపం ఇంతకన్నా చెడ్డది. వైరు సరైనదే, కానీ హెడ్ దగ్గర ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. కిల్న్ వేడెక్కుతుంటే డిస్‌ప్లే కిందికి దిగుతుంది. అది చూసి కంట్రోలర్ వైపు రెండు తీగలూ మార్చేస్తారు. ఇప్పుడు అంకె పైకి ఎక్కుతుంది, బాగయిందనుకుంటారు. బాగవలేదు: హెడ్‌కీ కంట్రోలర్‌కీ ఉన్న తేడా ఇప్పుడు రెండింతలు పోతోంది. 40 డిగ్రీల తేడాకు 80 డిగ్రీల తప్పు.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, చల్లని కిల్న్‌లో అంతా సరిగ్గానే కనబడుతుంది. పొద్దున గది వేడి ఎంతో డిస్‌ప్లే కూడా అంతే చూపిస్తుంది. హెడ్ వేడెక్కేకొద్దీ తప్పు పెరుగుతుంది. అందుకే త్వరగా ముగిసే ఫైరింగ్‌లో కొంచెం, నింపాదిగా సాగే ఫైరింగ్‌లో ఎక్కువ, ఒకదాని వెంట ఒకటి చేస్తే ఇంకా ఎక్కువ. కొత్త థర్మోకపుల్ వేసినా, కొత్త కంట్రోలర్ వేసినా తగ్గదు, ఎందుకంటే మధ్యలో వైరు పాతదే. చాలామంది ఆఫ్‌సెట్ (డిస్‌ప్లే అంకెకు కంట్రోలర్ కలిపే సవరణ) పెంచి సర్దుకుంటారు. ఆ ఆఫ్‌సెట్ గ్లేజ్ ప్రోగ్రాంకి సరిపోయి బిస్క్‌కి (గ్లేజ్ పూయకముందు చేసే మొదటి ఫైరింగ్) సరిపోదు. ఒకే ఆఫ్‌సెట్ అన్ని ప్రోగ్రాంలకూ పొసగడం లేదంటే ఇంకేమీ విప్పకుండా వైరు దగ్గరికే వెళ్ళండి.

పరీక్షకు హెయిర్ డ్రయర్ చాలు. కిల్న్ పూర్తిగా చల్లారి ఉండాలి, ప్రోగ్రాం నడపకూడదు. మెయిన్ తీసి, మూత తెరిచి, థర్మోకపుల్ హెడ్ బ్లాక్‌ను మాత్రమే ఒకటి రెండు నిమిషాలు వేడి చేయండి. మూత పెట్టేసి మెయిన్ వేసి డిస్‌ప్లే చూడండి. వైరు సరైనదై సరిగ్గా కలిపి ఉంటే అంకె దాదాపు కదలదు. రాగి వైరైతే హెడ్ ఎంత వేడెక్కిందో డిస్‌ప్లే గది వేడి కన్నా అంత కిందికి పడిపోతుంది, హెడ్ చల్లారుతుంటే మళ్ళీ ఎక్కుతుంది. రెండుచోట్లా తారుమారైతే దానికి రెట్టింపు పడుతుంది, సున్నా దాటి మైనస్‌లోకి కూడా వెళ్ళవచ్చు. ఈ పరీక్షకు పావుగంట చాలు. అది చేయకుండానే కంట్రోలర్లు మార్చేస్తుంటారు.

సరిచేయడం సులువే. కె రకం థర్మోకపుల్ అయితే కె రకం ఎక్స్‌టెన్షన్ వైరు, ఎస్ రకమైతే ఎస్‌కి సరిపడే కాంపెన్సేటింగ్ వైరు, మధ్యలో అతుకు లేకుండా హెడ్ నుంచి కంట్రోలర్ దాకా ఒకే ముక్క. పవర్ వైర్లతో కలిపి కట్టకండి. రంగుల దగ్గర జాగ్రత్త: అంతర్జాతీయ ఐఈసీ పద్ధతిలో కె రకానికి ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. అమెరికన్ పద్ధతిలో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. ఎరుపంటే ప్లస్ అనుకునే ఎలక్ట్రీషియన్ చేయి ఇక్కడే తప్పుతుంది. అనుమానం ఉంటే అయస్కాంతం పెట్టి చూడండి, కె రకంలో మైనస్ తీగ దానికి అంటుకుంటుంది, ప్లస్ అంటుకోదు. ఎస్ రకానికి ఈ చిట్కా పనిచేయదు. ఎస్ రకంలో రాగి వైరు వల్ల వచ్చే తప్పు పై వేడిలో దాదాపు సగమే ఉంటుంది, అందుకే అది మరింత ఆలస్యంగా బయటపడుతుంది.

వైరు మార్చాక పాత ఆఫ్‌సెట్‌ను సున్నా చేయండి. ఇది మరిచిపోతే కథ తిరగబడి కిల్న్ తక్కువ కాలుస్తుంది, అప్పుడు వైరు మార్చడమే తప్పనుకుని మళ్ళీ రాగి వైరు పెట్టేవాళ్ళూ ఉంటారు. సున్నా చేసి, మూడు షెల్ఫుల్లో కోన్లు పెట్టి, ఫలితం చూసి అవసరమైతేనే కొత్త ఆఫ్‌సెట్ ఇవ్వండి.

సమస్య: సెట్ చేసిన వేడి దాటినా ఆగడం లేదు

రిలే అతుక్కుపోయింది. సాలిడ్ స్టేట్ రిలే పోయేటప్పుడు ఎక్కువగా ఆన్‌లోనే నిలిచిపోతుంది, మెకానికల్ కాంటాక్టర్ పాయింట్లు వెల్డ్ అవుతాయి. కంట్రోలర్ అవుట్‌పుట్ లైటు ఆరి ఉన్నప్పుడు క్లాంప్ మీటర్ కరెంటు చూపిస్తే తేలిపోయినట్టే. మల్టీమీటర్‌తో వోల్టేజీ కొలిచి నిర్ణయించకండి, బాగున్న సాలిడ్ స్టేట్ రిలే కూడా కొన్ని మిల్లీ ఆంపియర్లు లీక్ చేసి మీటర్‌ను మోసం చేస్తుంది. ఇలాంటి రోజు కోసమే వేరే థర్మోకపుల్‌తో, వేరే కాంటాక్టర్‌తో నడిచే ఓవర్‌టెంపరేచర్ లిమిట్ ఉండాలి. కొత్త కిల్న్ కొనేటప్పుడు టచ్ స్క్రీన్ వదులుకున్నా ఫర్వాలేదు, దీన్ని వదులుకోకండి.

సమస్య: ప్రోగ్రాం పూర్తయింది, పాత్రలు పచ్చిగానే ఉన్నాయి

కంట్రోలర్‌లో హోల్డ్‌బ్యాక్ అనే సెట్టింగ్ ఉందేమో చూడండి, కొన్నింటిలో గ్యారంటీడ్ సోక్ అంటారు. అది ఆఫ్‌లో ఉంటే, కిల్న్ వెనకబడినా గడియారం ముందుకే పోతుంది, సోక్ (పై వేడి దగ్గర నిలిపి ఉంచే) సమయం కింది వేడిలోనే అయిపోతుంది. దాన్ని ఆన్ చేయండి. ఆ తర్వాత ప్రోగ్రాం గంటల తరబడి సాగుతుంటే పైన చెప్పిన ఎలిమెంట్ల సంగతి చూసుకోవాలి.

పైనా కిందా ఒక కోన్ తేడా వస్తే: ఒకే థర్మోకపుల్ ఉన్న కిల్న్‌లో సర్దే తీరు మార్చండి, చల్లగా ఉండే చోట పాత్రలు పల్చగా పెట్టండి. మూడు జోన్ల (దేనికది థర్మోకపుల్ ఉన్న మూడు భాగాల) కిల్న్‌లోనూ తేడా వస్తుంటే రెండు జోన్ల థర్మోకపుల్ వైర్లు ఒకదాని చోట ఒకటి కలిపారేమో చూడండి. ఒక జోన్ మాత్రమే వేడెక్కించినప్పుడు వేరే జోన్ అంకె కదిలితే అదే కారణం.

ఇక మిగిలినవి అరుదు. వానాకాలంలో వాడక చాలా రోజులైన కిల్న్ ఎర్త్ లీకేజీ ట్రిప్ అవుతుంటే ఇటుకలో తేమ ఉంది, మూత కాస్త తెరిచి తక్కువ వేడిలో ఆరబెట్టండి. ఆరాక కూడా ట్రిప్ అవుతుంటే ఎలిమెంట్ ఎక్కడో లోహపు తొడుగును తాకుతోంది. కంట్రోలర్ బోర్డే పోవడం అన్నింటికన్నా అరుదు. వైరు, సెన్సార్, రిలే, ఎలిమెంటు నాలుగూ కొలిచి రాసుకోకుండా కొత్త బోర్డు ఆర్డర్ పెట్టకండి.