అరవై దాటాక కాలినడకన తిరుమల: మొదటి మెట్టెక్కే ముందు చూసుకోవలసినవి

అరవై దాటినవాళ్లు కాలినడకన కొండెక్కకపోవడమే మంచిదని టీటీడీయే చెబుతోంది. 2024 అక్టోబరులో ఇచ్చిన ప్రకటనలో పెద్దవాళ్లతో పాటు షుగరు, బీపీ, మూర్ఛ, కీళ్ల జబ్బులు, గుండె జబ్బులు, ఆస్తమా ఉన్నవాళ్లు, బాగా బరువున్నవాళ్లు కూడా నడిచి రావద్దని కోరింది. అయినా ఏ రోజు వెళ్లి అలిపిరి పాదాల మండపం దగ్గర నిలబడినా నెరిసిన తలలు కనిపిస్తూనే ఉంటాయి. మనవరాలికి సంబంధం కుదిరితే నడిచొస్తానని మొక్కుకున్న నాయనమ్మ ఉంటుంది. రిటైరయ్యాక ఏటా నడిచే అలవాటున్న పెద్దాయన ఉంటాడు.

ఆ సలహాను పక్కన పెట్టేయమని నేను చెప్పను. మీ డాక్టరు వద్దంటే అక్కడితో ఆ మాట అయిపోయింది, బస్సెక్కండి. డాక్టరు సరేనన్నాక నడిచేవాళ్లకి, వాళ్లని వెంటబెట్టుకుని వెళ్లే పిల్లలకి మాత్రం ఒకటి గట్టిగా చెప్పాలి. ఏం కనిపిస్తే ఆగిపోవాలో, ఎక్కడి నుంచి వెనక్కి తిరగాలో ఇంట్లో ఉండగానే తేల్చుకోండి. మెట్ల మీద ఆ నిర్ణయం తీసుకోవడం చాలా కష్టం. మొక్కు గుర్తొస్తుంది. చుట్టూ గోవిందనామాలు. పక్కవాళ్లేమో "ఇంకెంత, వచ్చేశాం" అంటుంటారు. ఛాతీలో బరువుగా ఉన్నా మనిషి ఇంకో పది మెట్లు ఎక్కేస్తాడు. ప్రాణం మీదికి వచ్చేది ఆ పది మెట్ల దగ్గరే.

ముందు దారి సంగతి. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. చిన్న దారి కదా, తేలిగ్గా అయిపోతుందని చాలామంది పెద్దవాళ్లని శ్రీవారి మెట్టుకి తీసుకెళ్తారు. కానీ అంత ఎత్తునూ అంత తక్కువ దూరంలో ఎక్కాలంటే ఊపిరి తీసుకునే చదును నేల తక్కువే దొరుకుతుంది. అలిపిరి దారిలో గాలి గోపురం దాకా రెండు వేల పైచిలుకు మెట్లు బాగా నిలువుగా ఉంటాయి. ఆ తర్వాత చాలా దూరం దారి చదునుగా సాగి, చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ పరీక్ష పెడుతుంది. ఓపిగ్గా, రోజంతా కేటాయించుకుని నడవగలిగిన పెద్దవాళ్లకి అలిపిరే నయమని నా అభిప్రాయం. ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దాటాక నడకదారి ఘాట్ రోడ్డు పక్కకి వస్తుంది. అయితే అది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. దాని మీద ఇప్పుడు బళ్లు కిందికే వెళ్తాయి. "అలసిపోతే అక్కడ బస్సెక్కి పైకి వెళ్లిపోదాం" అన్న లెక్క కుదరదు.

డాక్టరు దగ్గరికి బయలుదేరే ముందు వారంలో వెళ్లడం దండగ. నెలన్నర, రెండు నెలల ముందే వెళ్లండి. "కొండ ఎక్కుతున్నాను, ఏడెనిమిది వందల మీటర్ల ఎత్తు, నాలుగైదు గంటలు పడుతుంది" అని వివరంగా చెప్పండి. ఊరికే "తిరుపతి వెళ్తున్నాను" అంటే ఆయన రైలు ప్రయాణం అనుకుంటాడు. ఈసీజీ తీయించాలా, ఇంకేదైనా పరీక్ష కావాలా అన్నది ఆయన చూసుకుంటాడు. మీరు అడగాల్సింది మాత్రల గురించి. నీరు ఎక్కువగా పోయే బీపీ మాత్ర ఆ రోజు ఎప్పుడు వేసుకోవాలి? షుగరు మాత్ర, ఇన్సులిన్ మోతాదు మార్చాలా? మీ అంతట మీరు ఏదీ మానకండి, తగ్గించకండి.

షుగరు ఉన్నవాళ్ల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు చిక్కు ఇక్కడే ఉంది. స్వామి దర్శనం దాకా ఏమీ తినకూడదని చాలామంది పరగడుపున బయలుదేరతారు, మాత్ర మాత్రం వేసేసుకుంటారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లకి ఖాళీ కడుపుతో అన్ని మెట్లెక్కితే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, చేతుల వణుకు, తల తిరగడం, ఒక్కోసారి అర్థంలేని మాటలు. చూసేవాళ్లు ఎండ దెబ్బ అనుకుంటారు. వెంటనే మూడు చెంచాల గ్లూకోజో పంచదారో నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. ఉపవాసం గురించి ఇంట్లో పెద్ద చర్చే జరుగుతుంది, తెలుసు. షుగరు మాత్ర వేసుకునేవాళ్లు రెండు ఇడ్లీ తిని బయలుదేరితే స్వామి కోప్పడడు.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. రెండంతస్తులు ఆగకుండా ఎక్కి, పైకి చేరాక మామూలుగా మాట్లాడగలరా? లేదంటే కొండ మాట ఇప్పుడు కాదు. మాట్లాడగలిగితే రోజూ నడక మొదలుపెట్టండి. వారానికి మూడు రోజులు మీ అపార్ట్‌మెంట్ మెట్లెక్కండి, దిగేటప్పుడు లిఫ్టు వాడండి. మోకాళ్ల మీద ఎక్కువ దెబ్బ దిగేటప్పుడే పడుతుంది. అందుకే కొండ మీద నుంచి కూడా బస్సులోనే దిగండి.

సంచుల విషయంలో ఒక హెచ్చరిక. నడిచేవాళ్ల సామాను టీటీడీ వాళ్లు కింద ఉచితంగా తీసుకుని పైకి చేరుస్తారు. మంచి సదుపాయం, తప్పకుండా వాడుకోండి. కానీ బీపీ మాత్రలు, ఇన్హేలరు, డాక్టరు రాసిచ్చి ఉంటే నాలుక కింద పెట్టుకునే గుండె మాత్ర, గ్లూకోజు ప్యాకెట్టు, ఇవన్నీ ఆ పెద్ద సంచిలో వెళ్లిపోతే మధ్యలో మీకేమీ ఉండదు. నడుముకి కట్టుకునే చిన్న సంచి ఒకటి పెట్టుకోండి. అందులో మందులు, స్టీలు నీళ్ల సీసా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు, ఒక కాగితం. ఆ కాగితం మీద పేరు, వయసు, వాడే మందులు, ఏదైనా పడకపోతే ఆ వివరం, ఇంటివాళ్ల ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాయండి. ప్లాస్టిక్ సీసాలు కొండ మీద నిషేధం. ఇక ప్లాస్టిక్ కవరు చేతిలో ఊపుకుంటూ వెళ్తే కోతులు వచ్చి లాగుతాయి. ఆ గాభరాలో కాలు జారే ప్రమాదం ఉంది.

కాలు జారడం అంటే గుర్తొచ్చింది. మెట్టు మెట్టుకీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతూ, కర్పూరం వెలిగిస్తూ వెళ్లే ఆడవాళ్లు ఆ దారిలో ఎప్పుడూ కనిపిస్తారు. చూడముచ్చటగా ఉంటుంది. తడి పసుపు పూసిన నున్నటి రాయి మీద కాలు పెడితే మాత్రం పాదం పక్కకి పోతుంది. ఇప్పుడే ఆరిన కర్పూరం మసి కింద రాయి ఇంకా కాలుతూనే ఉంటుంది. పసుపు రాయని వైపు, రెయిలింగు పట్టుకుని నడవండి. కింది సగం చదువుకోవడానికి, పై సగం దూరానికి ఉండే కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కళ్లు మాత్రమే కిందికి దించితే చదివే అద్దంలోంచి మెట్టు అంచు మసకగా, ఉన్నచోట కాకుండా కనిపిస్తుంది. తల పూర్తిగా వంచి చూడాలి, లేదా దూరం చూపుకి విడిగా ఉన్న జోడు తీసుకెళ్లాలి.

చెప్పుల ప్రశ్న సున్నితమైనది. అన్నమయ్య చిన్నతనంలో చెప్పులతోనే కొండెక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గర ఆకలితో సొమ్మసిల్లాడనీ, అలమేలుమంగ వచ్చి ఈ కొండంతా సాలగ్రామమని చెప్పి చెప్పులు విడిపించి, ప్రసాదం పెట్టిందనీ కథ. ఆ భావంతోనే చాలామంది ఉత్తికాళ్లతో నడుస్తారు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి మాత్రం అది ప్రమాదం. బొబ్బ లేచినా, ముల్లు దిగినా తెలియదు, రాత్రికి పుండవుతుంది. అలాంటివాళ్లు పాదరక్షలతో నడవడం తప్పేమీ కాదు. మనసొప్పకపోతే అడుగున రబ్బరు పట్టున్న మందపాటి మేజోళ్లు వేసుకోండి, గంటకోసారి అరికాళ్లు ఎవరిచేతనైనా చూపించుకోండి.

ఇక నడక. వేగాన్ని గడియారంతో కొలవకండి. ఎక్కుతూ "గోవిందా" అని గొంతు విప్పి అనగలిగితే మీ వేగం సరిపోయినట్టు. ఆ మాట మధ్యలో ఊపిరి తెగితే ఆగి కూర్చోండి. కూర్చున్నవాళ్లు ఒక్కసారిగా లేవకండి, బీపీ మాత్రలు వాడేవాళ్లకి కళ్లు బైర్లు కమ్ముతాయి. నీళ్లు తాగితే బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని అమ్మలు గొంతు తడుపుకోకుండా నడుస్తారు. దారిలో మరుగుదొడ్లు, తాగునీళ్లు ఉన్నాయి, గుటక గుటకగా తాగుతూ ఉండండి. కుర్రాళ్లు ముందు పరిగెత్తితే పెద్దవాళ్లు సిగ్గుపడి వేగం పెంచుతారు. అందుకని ఒకళ్లు కచ్చితంగా వాళ్ల వెనకాలే నడవాలి.

ఆగిపోవాల్సిన గుర్తులివి: ఛాతీలో బరువు లేదా బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కూర్చున్నా తగ్గని ఆయాసం, చల్లని చెమట, గుండె దడ. షుగరు ఉన్నవాళ్లలో, పెద్దవాళ్లలో నొప్పి అసలు లేకపోవచ్చు, ఒట్టి నీరసం, వాంతి వచ్చినట్టు ఉండొచ్చు. "గ్యాస్ అయి ఉంటుంది, సోడా తాగితే పోతుంది" అన్న మాట ఎన్ని ఇళ్లలో ఎంత నష్టం చేసిందో! వీటిలో ఏది కనిపించినా ఇంకొక్క మెట్టు కూడా ఎక్కించకండి. కూర్చోబెట్టండి, 108కి ఫోన్ చేయండి, దగ్గర్లోని సిబ్బందిని పిలవండి. అలిపిరి దారిలో 1,500వ మెట్టు దగ్గర, గాలి గోపురం దగ్గర, భాష్యకార్ల సన్నిధి దగ్గర వైద్య సాయం ఉందని టీటీడీ చెప్పింది. కొండ మీద అశ్విని ఆసుపత్రి రాత్రింబవళ్లు పనిచేస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి? ఏప్రిల్, మే నెలల ఎండలో వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు గట్టిగా ఉంటాయి. 2021 నవంబరు వరదలకి శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని 2022 మే దాకా మూతపడింది. వైకుంఠ ఏకాదశి రద్దీలో పెద్దవాళ్లని అసలు తీసుకెళ్లకండి. 2025 జనవరి 8న తిరుపతిలో ఆ దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. పండగలు లేని వారం, మధ్య రోజుల్లో, తెల్లవారగానే బయలుదేరడం మేలు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక పాపను పొట్టన పెట్టుకున్నాక సమయాల మీద ఆంక్షలు వచ్చాయి, అవి మారుతూ ఉంటాయి. నడిచి వచ్చేవాళ్లకి దర్శనం టోకెన్లు ఇచ్చే చోటు కూడా అంతే. ముందు రోజు టీటీడీ ప్రకటన చూసుకోండి. నెమ్మదిగా నడిచేవాళ్లు గుంపు నుంచి వెనకబడి, చీకటిపడే వేళ ఒంటరిగా మిగలకూడదు.

పైకి చేరాక చాలామంది చేసే పని నేరుగా క్యూలోకి వెళ్లిపోవడం. అలసిన ఒంటితో కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి ఉండటం ఎక్కడం కన్నా తక్కువ కష్టమేమీ కాదు. వీలైతే ఆ రోజు తిని పడుకుని, దర్శనం మర్నాటికి పెట్టుకోండి. 65 దాటినవాళ్లకి ప్రత్యేక దర్శనం కోటా ఆన్‌లైన్‌లో ముందే ఇస్తారు, దాన్ని చూసుకుని ప్రయాణం తేదీ వేసుకోండి. క్యూలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి, కలుసుకునే చోటు ముందే అనుకోండి. మందుల సంచి మాత్రం ఒంటి మీదే ఉండాలి.

బస్సులో వెళ్లేవాళ్లకి నడక లేదని ఎవరన్నారు? కొండ మీద ఉచిత ధర్మరథం బస్సులున్నాయి. పొద్దున్నే శిలాతోరణం దాకా వెళ్లి రండి, సాయంత్రం మాడవీధుల్లో తీరిగ్గా ఒక చుట్టు తిరగండి. నడిచి ఎక్కినవాళ్లు ఇంటికొచ్చాక రెండు మూడు రోజులు పిక్కలు పట్టేయడం మామూలే. ఒక్క కాలే వాచి, ఎర్రబడి నొప్పి పెడుతుంటే మాత్రం నూనె రాసి మర్దన చేయకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అదే రోజు డాక్టరుకి చూపించండి.