విండోస్ 11 వద్దంటోంది, గేమ్ రానంటోంది: బోర్డు మార్చే ముందు ఇవి చూడండి

మా పిన్ని కొడుకు ఒకరోజు రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "అన్నా, గేమ్ ఓపెన్ అవట్లేదు. సెక్యూర్ బూట్ ఏదో ఆన్ చేయమంటోంది. షాపులో అడిగితే మదర్‌బోర్డే మార్చాలన్నారు." వాడి బోర్డుకి ఏమీ కాలేదు. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే, బోర్డు సొంత సెట్టింగుల తెర) రెండు ఆప్షన్లు ఆఫ్‌లో ఉన్నాయి, అంతే. వీడియో కాల్‌లో ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అందులో పదిహేను నిమిషాలు వాడి టెన్షన్ తగ్గించడానికే పట్టింది.

కంప్యూటర్ "కుదరదు" అన్నప్పుడు కారణం మూడు రకాల్లో ఒకటై ఉంటుంది. కావాల్సింది లోపలే ఉంది కానీ ఆఫ్‌లో ఉంది. లేదా అసలు లేనే లేదు. లేదా అన్నీ ఉన్నా కంపెనీ ఒప్పుకోవట్లేదు. మొదటిదానికి పైసా ఖర్చుండదు, మూడోదానికి ఎన్ని సెట్టింగులు తిప్పినా లాభం ఉండదు. మీది ఏ రకమో తెలియకుండా షాపుకి వెళ్లొద్దు.

విండోస్ 11, కొన్ని గేమ్‌లు ముఖ్యంగా అడిగేవి రెండు: టీపీఎం, సెక్యూర్ బూట్ (సిస్టం ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే లోడ్ కానిచ్చే కాపలా). ముందు రెండు విండోలు తెరవండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి "టీపీఎం డాట్ ఎంఎస్‌సీ" అని ఇంగ్లిష్‌లో కొట్టండి. స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని కనిపిస్తే టీపీఎం పనిచేస్తున్నట్టే. మళ్లీ అలాగే "ఎంఎస్ఇన్ఫో32" కొట్టి, బయోస్ మోడ్ యూఈఎఫ్ఐనా (కొత్త పద్ధతి) లెగసీనా (పాత పద్ధతి), సెక్యూర్ బూట్ స్టేట్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా చూసి రాసుకోండి. ఆ పేజీలోనే ప్రాసెసర్ పేరు, బోర్డు మోడల్ కూడా ఉంటాయి. అవీ రాసుకోండి.

లక్షణం: టీపీఎం దొరకలేదు అంటోంది

టీపీఎం అంటే తాళంచెవులు దాచుకునే చిన్న లాకర్ లాంటిది. 2021లో విండోస్ 11 వస్తోందనగానే చాలామంది పరుగెత్తి విడి టీపీఎం మాడ్యూళ్లు కొన్నారు, వాటి ధరలు ఒక్కసారిగా పెరిగాయి. నిజానికి ఎక్కువమందికి ఆ అవసరమే లేదు. గత ఏడెనిమిదేళ్ల ప్రాసెసర్లలో ఆ పని ఫర్మ్‌వేరే (చిప్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్) చేస్తుంది. విడిభాగాలతో కట్టించుకున్న సిస్టంలలో చాలా బోర్డులు దాన్ని ఆఫ్‌లో పెట్టి వచ్చాయి కాబట్టి కనబడదు.

పరిష్కారం: సిస్టం ఆన్ అవుతుండగా డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి. ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది. కొన్ని బోర్డుల్లో "ట్రస్టెడ్ కంప్యూటింగ్" మెనూలో "సెక్యూరిటీ డివైస్ సపోర్ట్" అని దాక్కుని ఉంటుంది. ఎనేబుల్ చేసి, సేవ్ చేసి బయటికి రండి.

ఇక్కడొక హెచ్చరిక. బయోస్ ముట్టుకునే ముందు మీ డ్రైవ్‌కి బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉందేమో చూడండి. ల్యాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. ఉంటే 48 అంకెల రికవరీ కీ ఫోన్‌లోనో కాగితం మీదో భద్రంగా రాసుకున్నాకే ముందుకెళ్లండి. ఏఎండీ బోర్డుల్లో బయోస్ అప్‌డేట్ తర్వాత ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయాలా అని నల్ల తెర మీద వై, ఎన్ అడుగుతుంది. కీ చేతిలో లేకుండా వై నొక్కితే మీ ఫైళ్లు మీకే తాళం పడతాయి. "క్లియర్ టీపీఎం" అనే బటన్ జోలికి కూడా వెళ్లొద్దు.

లక్షణం: బయోస్ మోడ్ లెగసీ అని ఉంది, సెక్యూర్ బూట్ ఆన్ చేయనివ్వట్లేదు

చాలామంది చిక్కుకునేది ఇక్కడే. పాతకాలంలో విండోస్ వేసినప్పుడు డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉండిపోయింది. సెక్యూర్ బూట్‌కి యూఈఎఫ్ఐ కావాలి, యూఈఎఫ్ఐలో విండోస్ బూట్ అవ్వాలంటే డిస్క్ జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఉండాలి. మళ్లీ ఫార్మాట్ కొట్టి విండోస్ వేయాలని షాపుల్లో చెబుతారు. అక్కర్లేదు. విండోస్ 10లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది. ఫైళ్లు పోకుండా మారుస్తుంది.

వరుస మాత్రం తప్పకూడదు. ముఖ్యమైనవి బయట హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఆ టూల్‌ని మొదట "వాలిడేట్" ఆప్షన్‌తో, అది ఒప్పుకుంటేనే "కన్వర్ట్" ఆప్షన్‌తో నడపండి. నడుస్తున్న విండోస్ లోంచే చేస్తున్నారు కాబట్టి రెండుసార్లూ "అలౌఫుల్ఓఎస్" అనే ఆప్షన్ జత చేయాలి. డిస్క్‌లో మూడుకి మించి ప్రైమరీ పార్టిషన్లు ఉంటే వాలిడేట్ దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు ఒకటి ఖాళీ చేసి తీసేయాలి. కన్వర్ట్ అయ్యాకే బయోస్‌లో సీఎస్ఎం (పాత లెగసీ పద్ధతిని నడిపించే ఆప్షన్) ఆఫ్ చేయాలి. ముందే ఆఫ్ చేస్తే "బూట్ డివైస్ లేదు" అంటుంది. కంగారు పడకండి, సీఎస్ఎం మళ్లీ ఆన్ చేస్తే మామూలుగా వచ్చేస్తుంది.

సీఎస్ఎం ఆఫ్ చేశాక తెర మొత్తం నల్లబడితే? మీ గ్రాఫిక్స్ కార్డు బాగా పాతదై, దాని ఫర్మ్‌వేర్‌కి యూఈఎఫ్ఐ తెలియకపోవచ్చు. మానిటర్ కేబుల్ బోర్డు పోర్టుకి పెట్టి చూడండి. అదీ రాకపోతే పవర్ కేబుల్ పీకేసి, బోర్డు మీదున్న నాణెం బ్యాటరీని కాసేపు తీసి పెట్టండి. బయోస్ మొదటికొస్తుంది. ఇది రెండో రకం: కార్డు మార్చాల్సిందే.

లక్షణం: బయోస్‌లో ఎనేబుల్డ్ అని ఉంది, విండోస్‌లో మాత్రం ఆఫ్

నన్ను ఒక మధ్యాహ్నమంతా తినేసిన సమస్య ఇది. సెక్యూర్ బూట్ ఆన్ చేసినంత మాత్రాన సరిపోదు, బోర్డులో కీలు (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌ని గుర్తుపట్టే డిజిటల్ తాళంచెవులు) ఎక్కి ఉండాలి. లేకపోతే "సెటప్ మోడ్"లో ఉండిపోతుంది. సెక్యూర్ బూట్ మెనూలో "రీస్టోర్ ఫ్యాక్టరీ కీస్" లాంటి ఆప్షన్ నొక్కితే "యూజర్ మోడ్"కి మారుతుంది. కొన్ని బోర్డుల్లో ఓఎస్ టైప్ "అదర్ ఓఎస్" అని ఉంటే "విండోస్ యూఈఎఫ్ఐ మోడ్" చేయాలి.

లక్షణం: విండోస్ బాగానే ఉంది, గేమ్ మాత్రం రానంటోంది

విండోస్ 11లో వాలొరెంట్ వ్యాన్ 9001, వ్యాన్ 9003 అని ఎర్రర్ ఇస్తే కారణం టీపీఎం, సెక్యూర్ బూట్‌లే. 2025లో వచ్చిన బాటిల్‌ఫీల్డ్ 6 కూడా సెక్యూర్ బూట్ లేకుండా నడవదు. విండోస్ కన్నా ముందే లోడై దాక్కునే చీట్‌లను ఆపడానికే ఇదంతా అంటాయి కంపెనీలు. మాట నిజమే. కానీ ఒక గేమ్ కోసం సిస్టం లోతుల్లో, కెర్నల్ స్థాయిలో డ్రైవర్ కూర్చోవడం నాకైతే నచ్చదు. బ్యాంకు పనులు కూడా అదే సిస్టంలో చేసుకునేవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి.

రూఫస్ లాంటి టూల్‌తో తనిఖీలు తప్పించి విండోస్ 11 వేసుకున్నవాళ్లకి ఇక్కడే దెబ్బ. విండోస్‌ని ఏమార్చగలిగారు, గేమ్‌ని ఏమార్చలేరు. టీపీఎం నిజంగా ఉంటే పై పద్ధతిలో ఆన్ చేయడమే దారి.

ఏఎండీలో ఎఫ్‌టీపీఎం ఆన్ చేశాక అప్పుడప్పుడు గేమ్ ఒక్క క్షణం బిగుసుకుపోతుంటే, అది తెలిసిన లోపమే. ఏఎండీ 2022లో ఒప్పుకుంది. ఏజీసా (బయోస్‌లో ఏఎండీ ఇచ్చే మూల కోడ్) 1.2.0.7 గానీ ఆ పై వెర్షన్ గానీ ఉన్న బయోస్ వేస్తే పోతుంది.

స్టీమ్ డెక్ (లైనక్స్‌తో నడిచే చేతి గేమింగ్ పరికరం), లైనక్స్ వాళ్లకి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎపెక్స్ లెజెండ్స్ 2024 అక్టోబర్ చివర్లో లైనక్స్‌ని ఆపేసింది. అంతకుముందు బాగా నడిచేది. ఇది అచ్చంగా మూడో రకం. ఆ గేమే కావాలంటే పక్కన విండోస్ కూడా పెట్టుకోవాలి.

లక్షణం: అన్నీ ఆన్‌లో ఉన్నాయి, ప్రాసెసర్ సపోర్ట్ లేదంటోంది

ఐ7-7700 వాడేవాళ్ల బాధ ఇది. దాని వెనకాలే వచ్చిన ఐ3-8100 జాబితాలో ఉంది, ఇది లేదు. టీపీఎం 2.0 ఉన్నా అంతే. ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ దగ్గర మైక్రోసాఫ్ట్ గీత గీసింది. రైజెన్ 5 2400జీ పేరులో రెండు వేలున్నా లోపల పాత డిజైనే కాబట్టి గీతకి అవతలే.

ప్రాసెసర్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా? ఇంటెల్ వాళ్లకి కష్టం. ఆరు, ఏడు తరాల బోర్డుల్లో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరూ, ఎనిమిదో తరం సాకెట్ పేరూ 1151యే. అయినా ఎనిమిదో తరానికి 300 సిరీస్ బోర్డే కావాలి. ఏఎం4 సాకెట్ బోర్డున్న ఏఎండీ వాళ్లు అదృష్టవంతులు. బీ350 లాంటి పాత బోర్డుల్లో కూడా చాలావాటికి బయోస్ అప్‌డేట్‌తో రైజెన్ 5000 పడుతుంది. బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ సపోర్ట్ లిస్ట్ చూసి, ముందు బయోస్ అప్‌డేట్ చేసి, తర్వాత చిప్ కొనండి.

ఏదీ మార్చే స్తోమత లేకపోతే విండోస్ 10లోనే ఉండొచ్చు. దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఈఎస్‌యూ (అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల) పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. దానికి విండోస్ 10 22హెచ్2 వెర్షన్ తప్పనిసరి. కోర్ 2 డ్యుయో కాలపు సిస్టం అయితే విండోస్ 11 మీద ఆశ వదిలేయండి. దాని 24హెచ్2 వెర్షన్ నుంచి ఎస్ఎస్ఈ4.2 (ప్రాసెసర్‌కి తెలిసుండాల్సిన ఒక రకం సూచనలు) లేని ప్రాసెసర్లలో అది బూటే అవ్వదు. చదువుకి, సినిమాలకి లైనక్స్ మింట్ వేసి ఇచ్చేయొచ్చు.

సెకండ్ హ్యాండ్ ఆఫీసు సిస్టంలు కొనేవాళ్లకి ఒక మాట. "ఐ5 సిస్టం" అంటే ఏమీ చెప్పనట్టే. ఐ5-4570లో నాలుగో తరం, ఐ5-8500లో ఎనిమిదో తరం, ఐ5-10400లో పదో తరం. డబ్బు చేతిలో పెట్టే ముందు సిస్టం ఆన్ చేయించి, పైన చెప్పిన రెండు విండోలూ మీ కళ్లముందే తెరిపించుకోండి. తెరవడానికి సణిగితే పక్క షాపుకి వెళ్లండి.